చలన పరిభాషలో 'బల' శబ్దము: లోకార్థము, శాస్త్రార్థము

చేతినుండి పైకి విసరిన బంతి పైకి పోవుచున్నది. అది చేతిని విడిచిన పిమ్మట, నడిమిత్రోవలో నున్నప్పుడు, దానిపై పనిచేయుచున్న బలము లెవ్వి? ఈ ప్రశ్నను పాఠశాల విద్యార్థి నడిగినను, కళాశాల విద్యార్థి నడిగినను తరచుగా వచ్చు సమాధాన మొక్కటే. చేయి ఇచ్చిన బలము బంతిని పైకి కొనిపోవుచున్నదనియు, భూమి క్రిందికి లాగుచున్నదనియు, పైకి పోవు బలము తరిగిపోగా బంతి దిగివచ్చుననియు వారు చెప్పుదురు. సమాధానము వినుటకు సొంపుగానే యున్నది, కాని తప్పు. గాలి యొరపిడిని లెక్కింపక విడిచినచో, చేతిని విడిచిన క్షణమునుండి బంతిపై నున్న బల మొక్కటే. అది భూమి కలిగించు నాకర్షణము. బంతి పైకి పోవునప్పుడును, శిఖరమును తాకిన క్షణమునను, దిగునప్పుడును అది క్రిందికే, ఒకే పరిమాణముతో పనిచేయును.

ఈ పొరపాటు తెలుగు విద్యార్థులకే పరిమితమైనది కాదు. అమెరికాలో జాన్ క్లెమెంట్ 1982లో ప్రకటించిన పరిశోధనమున, పైకి ఎగురవేసిన నాణెమును గూర్చి యిట్టి ప్రశ్ననే యింజనీరింగు విద్యార్థుల నడిగి యిట్టి సమాధానములనే పొందెను. 1992లో హెస్టినీస్, వెల్స్, స్వాక్‌హామర్ అను మువ్వురు బలభావమును పరీక్షించుటకై యొక ప్రశ్నావళిని కూర్చిరి. నాటినుండి అది పెక్కు దేశముల తరగతిగదులలో వాడబడుచున్నది. అందుచే ఈ భ్రమకు మూలము భాషయే యని మేము చెప్పబోవుటలేదు. మూలము నిత్యానుభవమందే యున్నది. త్రోసినంతసేపు బండి కదలును. త్రోయుట మానిన నిలిచిపోవును. కావున చలనమున్నచోట బలముండవలెనని మనస్సు నిశ్చయించుకొనును. ఐతే ఆ నిశ్చయమునకు ఏ భాషలోని మాటలు ఆ భాషలో అండగా నిలుచును. తెలుగున నిట్లు నిలిచిన మాట లెవ్వి, వానిని బోధనమున నెట్లు సరిదిద్దుకొనవచ్చును అనునవి శబ్దార్థ విచారమునకు చెందిన ప్రశ్నలు. కనుకనే తెలుగుశాఖ పత్రికలో ఈ విషయమును చర్చకు తెచ్చుచున్నాము.

1. లోకమున బలము

వాడుకలో బలము ఒకనియందుండు గుణము. భీమునకు బలము కలదు. రోగికి బలము తగ్గినది. తిండి తిన్నచో బలము వచ్చును. ధనబలము, జనబలము, చతురంగబలము అనుచోట్ల అది యొకరికి గల సంపద, లేదా సేన. ఈ ప్రయోగము లన్నిటను సమానమైన అంశ మొకటి కలదు: బలము ఒకరి సొత్తు. దానిని కూడబెట్టుకొనవచ్చును, ఇతరుల కీయవచ్చును, వాడినకొలది అది తరిగిపోవును.

ఇప్పుడు బంతిని గూర్చిన సమాధానమును మరల పరిశీలింతము. చేయి తన బలములో కొంత బంతికి ఇచ్చినది. బంతి దానిని మూటగట్టుకొని పైకి పోయినది. త్రోవలో అది వ్యయమైనది. విద్యార్థి బలశబ్దమునకు తాను చిన్ననాటినుండి యెరిగిన అర్థమునే యిచట వాడినాడు. ఆ యర్థమునకు ఆ సమాధానము చక్కగా సరిపోవును కూడ. అతడు అవివేకి యని తలంచి సూత్రమును పదిసార్లు వ్రాయించిన నుపాధ్యాయుడు రోగ మొకటియుండగా మందు వేరొకటి యిచ్చినవాడగును.

2. శాస్త్రమున బలము

1687లో వెలువడిన న్యూటను గ్రంథమున స్థిరపడిన భావము వేరు. అందు చలనమునకు కారణము వెదుకవలసిన పని లేదు. చలనము మారుటకు కారణము వెదుకవలెను. ఏ బలమును పనిచేయనప్పుడు, లేదా పనిచేయు బలములన్నియు ఒకదానితో నొకటి సరిపోయినప్పుడు, నిలిచియున్న వస్తువు నిలిచియే యుండును. కదలుచున్న వస్తువు అదే వేగముతో సరళరేఖపై కదలుచునే యుండును. బలముల ఫలితము శూన్యము కానప్పుడే వేగము మారును. ఆ మార్పు ద్రవ్యరాశి యెక్కువైనకొలది తక్కువగా నుండును. దీనినే బలము = ద్రవ్యరాశి × త్వరణము అని సూత్రీకరించుచున్నారు. 1 కిలోగ్రాము ద్రవ్యరాశికి సెకనుకు సెకనుకు 1 మీటరు త్వరణమును కలిగించు బలము 1 న్యూటను. ఈ పేరును తూనికలు, కొలతల అంతర్జాతీయ మహాసభ 1948లో అంగీకరించినది.

0.2 కిలోగ్రాముల బంతిని సెకనుకు 9.8 మీటర్ల వేగముతో నిట్టనిలువుగా పైకి విసరితిమనుకొందము. చేతిని విడిచినది మొదలు దానిపై నున్న బలము క్రిందికి 1.96 న్యూటనులు మాత్రమే. ఆ బలము సెకనుకు 9.8 మీటర్ల చొప్పున వేగమును తగ్గించును. 1 సెకను గడచునప్పటికి వేగము శూన్యమగును, బంతి 4.9 మీటర్ల యెత్తున నుండును. ఆ క్షణమున వేగము లేకున్నను బలము 1.96 న్యూటనులే, త్వరణము 9.8 మీటర్లే. కనుకనే బంతి అచట నిలిచిపోక క్రిందికి మరలును. పైకి పోవు త్రోవలో బంతిని పైకి త్రోయునది ఏదియు లేదు. ముందే యున్న వేగము, దానిని తరుగజేయు నాకర్షణము, ఈ రెండే యున్నవి.

ఇందు గమనింపదగిన విశేషము మరియొకటి కలదు. శాస్త్రార్థమున బలము ఒకరి సొత్తు కాదు. రెండు వస్తువుల నడుమ జరుగు వ్యవహారము. చేయి బంతిని తాకియున్నంతసేపే చేయి బంతిపై బలము కలిగించును. తాకుట ముగియగానే ఆ బలము ముగియును. అది బంతిలోనికి చేరి నిలువయుండదు.

3. వేగశబ్దము తెచ్చిన వారసత్వము

మన పరిభాషలో పెక్కుమాటలు వైశేషిక తర్కశాస్త్రములలో ముందే వాడబడినవి. గురుత్వము అచట ఇరువదినాలుగు గుణములలో నొకటి. వస్తువు మొదటిసారి పడుటకు కారణమని దానిని నిర్వచించిరి. సంస్కారమను గుణమునకు వేగము, భావన, స్థితిస్థాపకము అని మూడు భేదములు చెప్పిరి. నేడు సాగి మరల యథాస్థితిని పొందు స్వభావమునకు మనము వాడు 'స్థితిస్థాపకత' ఈ మూడవదానినుండి వచ్చినదే.

వేగ విషయమున వైశేషికుల వివరణము ఆసక్తికరమైనది. వింటినారి త్రోపుచే, అనగా నోదనముచే, బాణమునకు మొదటి కదలిక కలుగును. ఆ కదలిక బాణమునందు వేగమను సంస్కారమును పుట్టించును. నారిని విడిచిన పిమ్మట బాణమును నడపునది ఆ సంస్కారమే. అది నశింపగా గురుత్వముచే బాణము పడును. అనగా వేగము వారికి చలనమునకు కొలత కాదు. చలనమును నిలుపు కారణము, వస్తువునందే యుండు గుణము. పడమటి దేశములందు 6వ శతాబ్దిలో ఫిలోపొనస్, 14వ శతాబ్దిలో బురిడాన్ ఇంచుమించుగా నిట్టి భావమునే ప్రతిపాదించిరి. బురిడాన్ దానిని 'ఇంపెటస్' అని పిలిచెను.

మన విద్యార్థి సమాధానమును ఈ వివరణముతో పోల్చి చూచినచో, అతడు 'బలము' అన్నచోట వైశేషికుడు 'వేగము' అనుచున్నాడు, భావ మొక్కటే. శతాబ్దులపాటు మహామేధావులు నిలిచిన చోటనే ఆ బాలుడును నిలిచియున్నాడు. ఇది చిన్నచూపు చూడదగిన సంగతి కాదు. అతనిని అచటినుండి దాటించుటకు గెలీలియో, న్యూటనులకు పట్టిన శ్రమలో కొంతయైనను మనము తరగతిలో పడవలసియుండును.

నేటి పరిభాషలో వేగము దిశతో కూడిన వడి. దిశ లేని కొలతకు 'వడి' యను దేశ్యపదమును నిలిపిరి. ఈ విభాగము మంచిదే. తమిళమున 'వేగమ్' అనునది దిశ లేని కొలతకే వాడి, దిశ గలదానిని 'తిశైవేగమ్' అనిరి. పదము చూడగనే భేదము తెలియును. కన్నడమున దిశ లేనిది 'జవ', దిశ గలది 'వేగ'. ఒకే శబ్దము పొరుగుభాషలలో వేరువేరు భావములకు నిలుచుట దీనివలన విదితము. పరిభాష యనునది యేర్పాటేగాని సహజసిద్ధము కాదని బోధించుటకు ఇట్టి పోలికలు పనికివచ్చును.

4. విభక్తులచే నొక పరీక్ష

పైభేదమును పట్టుకొనుటకు తెలుగు వ్యాకరణమే మనకొక సాధనమును సమకూర్చుచున్నది. విద్యార్థులు తప్పుగా వ్రాయు వాక్యములను గమనింపుడు: బంతికి బలము కలదు, బంతిలో బలము ఉన్నది, బంతియొక్క బలము తగ్గినది. కి, కు, యొక్క, లో, లోపల అనునవి మన వైయాకరణులు షష్ఠిగా లెక్కించిన ప్రత్యయములు. మూడు వాక్యములును షష్ఠిలోనే యున్నవి. మూడును సంబంధమును, స్వామ్యమును చెప్పుచున్నవి. లోకార్థమున బలము సొత్తగుటచే అవి సహజముగా షష్ఠిని కోరుచున్నవి.

శాస్త్రార్థమున బలమును చెప్పు వాక్యము వేరువిధముగా నుండవలెను: భూమి బంతిపై క్రిందికి 1.96 న్యూటనుల బలము కలిగించుచున్నది. ఇందు కర్త యొకటి, 'పై' అను పదముతో చెప్పబడిన వస్తువు వేరొకటి, దిశ, పరిమాణము అను నాలుగంగములు కలవు. ఏ బలమునైనను ఈ వాక్యమున నిమిడ్చి చెప్పుమని విద్యార్థిని కోరవలెను. 'పైకి పోవు బలము'ను ఇట్లు చెప్పబూనినచో కర్త దొరకదు. చేయి కర్త యగునా? అది బంతిని విడిచి చాలసేపైనది. గాలి కర్త యగునా? అది పైకి పోవు బంతిని అడ్డగించునేగాని త్రోయదు. కర్త లేని బలము లేదు; కనుక ఆ బలమే లేదు. విద్యార్థి యీ నిర్ణయమునకు తానై వచ్చును.

ఇది నిరపవాదమైన నియమమని మా యభిప్రాయము కాదు. 'బండికి బలమును ప్రయోగించినాడు' అను వాక్యమున షష్ఠీప్రత్యయము ఉన్నను దోషము లేదు. షష్ఠి కనబడినచోట ఆగి, కర్తను వెదుకవలెనని హెచ్చరించుటయే ఈ పరీక్ష ప్రయోజనము.

మరి షష్ఠిని న్యాయముగా కోరు రాసులు లేవా? కలవు. ద్రవ్యరాశి, వేగము, ద్రవ్యవేగము, గతిజశక్తి ఇవన్నియు వస్తువునకు చెందినవే. 'బంతియొక్క ద్రవ్యవేగము' అనుట నిర్దుష్టము. విద్యార్థి 'బంతిలోని బలము' అన్నప్పుడు అతడు వెదుకుచున్న భావము పూర్తిగా శూన్యమైనది కాదు. వేగముతో వచ్చు బంతి చేతికి దెబ్బ కొట్టును. నిలిచియున్న బంతి కొట్టదు. ఆ రెంటికి నేదో భేదముండవలెను. ఆ భేదమునకు శాస్త్రము పెట్టిన పేర్లే ద్రవ్యవేగము, గతిజశక్తి.

అవి బలము కాదనుటకు లెక్క యొకటి చాలును. ఆ 0.2 కిలోగ్రాముల బంతియే సెకనుకు 10 మీటర్ల వేగముతో చేతికి వచ్చుచున్నదనుకొందము. దాని ద్రవ్యవేగము 2 కిలోగ్రాము మీటరు సెకనుకు. గతిజశక్తి 10 జౌళ్లు. చేతిని బిగబట్టి 0.01 సెకనులో ఆపినచో సగటు బలము 200 న్యూటనులు. అంతలో బంతి 5 సెంటీమీటర్లు మాత్రమే చేతిని వెనుకకు నెట్టును. క్రికెట్టు ఆటగాడు చేయునట్లు చేతులను వెనుకకు తీయుచు 0.1 సెకనులో ఆపినచో సగటు బలము 20 న్యూటనులే. చేతులు అర మీటరు వెనుకకు పోవును. బంతి అదియే, వేగము అదియే. బలము పదిరెట్లు మారినది. కనుక 'ఈ బంతికి బలమెంత?' యను ప్రశ్నకు సమాధానము బంతిలో లేదు. అది ఎంతసేపటిలో, ఎంత దూరమున, దేనిచే నిలుపబడునో తెలిసినగాని బలము నిర్ణయము కాదు. కాలముతో గుణించిన బలము ద్రవ్యవేగమున మార్పును, దూరముతో గుణించిన బలము గతిజశక్తిలో మార్పును తెలుపును. పై రెండు సందర్భములందును మొదటి గుణకారము 2, రెండవది 10 అగుట పాఠకులు సరిచూచుకొనవచ్చును.

5. తోడిపదముల స్థితి

బలశబ్దమునకు వచ్చిన చిక్కు తోడిపదములకును కొంత కొంత కలదు.

త్వరణము: 'త్వరగా' అనగా వేగముగా, ఆలస్యము లేక అని లోకార్థము. కావున త్వరగా పోవు బండికి త్వరణ మధికమని విద్యార్థి తలంచును. సరళమైన పట్టాలపై గంటకు 100 కిలోమీటర్ల చొప్పున మార్పులేక పోవు రైలునకు త్వరణము శూన్యము. స్టేషనునుండి అప్పుడే మెల్లగా కదలు రైలునకు త్వరణము కలదు. కన్నడమున దీనిని 'వేగోత్కర్ష' యనుటచే, చూడవలసినది వేగము కాదు, వేగము మారుట యను సంగతి పదమునందే కొంత స్ఫురించును.

జడత్వము: జడుడనగా మందుడు, చేతనము లేనివాడు. అందుచే జడత్వ మనగా కదలకుండుట యని మాత్రమే బోధపడి, కదలుచున్న వస్తువు కదలుచునే యుండుటయు జడత్వమే యనుట మరుగున పడును. లాటిను మాటకును సోమరితనమని యర్థము. కెప్లరు దానిని వస్తువు నిలిచిపోవు స్వభావమునకే వాడెను. న్యూటను రెంటికిని విస్తరించెను గాని, దానిని కూడ 'విస్', అనగా బలము, అనియే వ్యవహరించెను. పదము వెనుక పాతయర్థము నీడవలె వచ్చుట మన భాషకే చెందిన దోషము కాదు.

ప్రతిచర్య: వాడుకలో ప్రతి యనగా బదులు. బదులు పిదప వచ్చును, ఒక్కొక్కప్పుడు రాదు కూడ. శాస్త్రమున చర్య, ప్రతిచర్యలు ఏకకాలమున నుండును. ఏది చర్య, ఏది ప్రతిచర్య యనుట మన యిష్టము. ఎద్దు బండిని ఎంత లాగునో బండియు ఎద్దును అంతే వెనుకకు లాగినచో బండి యెట్లు కదలునని ప్రసిద్ధమైన ఆక్షేపము. మన వాక్యరూపమున దీనిని పరిష్కరింతము. ఎద్దు బండిపై ముందునకు 500 న్యూటనులు. బండి ఎద్దుపై వెనుకకు 500 న్యూటనులు. కర్తయు 'పై'తో చెప్పిన వస్తువును తారుమారైనవి, దిశ యెదురైనది. మూడవ నియమమన ఇంతియే. బండిసంగతి తెలియుటకు 'బండిపై' అను వాక్యములనే యేరుకొనవలెను. ఎద్దు లాగుట 500, ఒరపిడి యడ్డు 300 అనినచో ఫలితము 200 న్యూటనులు. బండి 400 కిలోగ్రాములైనచో త్వరణము 0.5. ఎద్దుసంగతి వేరు. అది గిట్టలతో నేలను వెనుకకు తన్నును. నేల దానిని ముందునకు త్రోయును. ఎద్దును 400 కిలోగ్రాములే యనుకొన్నచో ఆ త్రోపు 700 న్యూటనులు కావలెను. అందు 500 బండి లాగుటతో సరిపోగా మిగిలిన 200 ఎద్దునకు అదే త్వరణము నిచ్చును. రెండు సెకనులలో జోడు సెకనుకు 1 మీటరు వేగమును పొందును. పిదప ఆ వేగముననే సాగుటకు బండిపై 300 న్యూటనుల లాగుడు చాలును. అప్పుడు ఫలితబలము శూన్యము, చలనము మాత్రము నిలిచియే యుండును.

బల్లపై నున్న పుస్తకము విషయమునను ఈ పరీక్ష ఉపయోగించును. భూమి పుస్తకముపై క్రిందికి, బల్ల పుస్తకముపై పైకి కలిగించు బలములు సమానములే. కాని అవి చర్యా ప్రతిచర్యలు కావు. రెండు వాక్యములందును 'పుస్తకముపై' అనియే యున్నది, తారుమారు జరుగలేదు. భూమి లాగుటకు జంట, పుస్తకము భూమిని పైకి లాగుట.

శక్తి, సామర్థ్యము: కావ్యములందు బలము, శక్తి, సామర్థ్యము ఇంచుమించుగా పర్యాయములు. పరిభాషలో మూడును మూడు రాసులు. తెలుగున శక్తి పనిచేయగల నిలువకు, సామర్థ్యము ఆ పని జరుగు రేటునకు పేర్లు. హిందీలో ఆ నిలువకు 'ఊర్జా' యనియు, రేటునకు 'శక్తి' యనియు వాడుదురు. తెలుగు పుస్తకమును హిందీ పుస్తకమును కలిపి చదువు విద్యార్థికి ఇచట పొరపాటు తప్పదు. ఐరోపాలోను ఈ భావములు వేరుపడుటకు చాలకాలము పట్టినది. 1847లో హెల్మ్‌హోల్ట్స్ శక్తినిత్యత్వమును ప్రతిపాదించిన ప్రసిద్ధ వ్యాసమునకు పెట్టిన పేరులో వాడిన జర్మను మాటకు బలమనియే యర్థము.

6. చేయదగిన పని

దీనినిబట్టి బలశబ్దమును తీసివేసి క్రొత్తపదమును కల్పింపవలెనని మేము కోరుటలేదు. తరములుగా పాఠ్యపుస్తకములందు నిలిచిన పదమును కదలించినచో ఉపాధ్యాయునకును విద్యార్థికిని కలుగు నష్టము లాభమును మించును. తమిళులవలె 'విశై' వంటి ప్రత్యేకపదము మనకు మొదటినుండియు నుండిన బాగుండెడిది, లేదు. ఉన్న పదమునకు గల రెండర్థములను దాచక చెప్పుటయే తగిన మార్గము.

మొదటగా, పాఠమున బలమను మాటకు పూర్వము త్రోపు, ఈడ్పు, ఒరపిడి యను మాటలను ప్రవేశపెట్టవలెను. ఇవి క్రియలనుండి పుట్టినవి. ఎవరు, ఎవరిని అను ప్రశ్నను తమంతట తామే కోరును. 'బంతిలోని త్రోపు' అని తెలుగువాడెవ్వడును అనడు. బంతిలో నున్నదని విద్యార్థి భావించుదానికి 'ఊపు' అను మాట కలదు. ద్రవ్యవేగమునకు అది మంచి ప్రవేశద్వారము.

రెండవదిగా, రెండు రాష్ట్రములందును ఇటీవల తెలుగును ఇంగ్లీషును ఎదురెదురు పుటలలో ముద్రించిన పాఠ్యపుస్తకములు వెలువడినవి. పదమునకు పద మెదురుగా నుంచినంతమాత్రమున భావము బోధపడదు. అట్టి పుస్తకముల చివర నుండు పదపట్టికలందు లోకార్థమునకును శాస్త్రార్థమునకును గల భేదమును ఒక్కొక్క వాక్యమున చెప్పుట అవసరము. 1968లో తెలుగు అకాడమి యేర్పడిననాటినుండి వెలువడిన పరిభాషాసంకలనములు సమానపదముల నిచ్చుటలో గొప్ప సేవ చేసినవి. అర్థవివరణము వానికి తరువాతి మెట్టు. నిఘంటుకారులును బలము, శక్తి, త్వరణము వంటి పదములకు శాస్త్రార్థమును వేరు సంఖ్యతో చూపుట మేలు.

మూడవదిగా, ఇది పరిశోధకవిద్యార్థులకు మంచి విషయము. ఒకే ప్రశ్నను ఒక తరగతికి 'బంతికి గల బలము లెవ్వి?' యనియు, సమానమైన మరియొక తరగతికి 'బంతిని ఏవి త్రోయుచున్నవి, ఏవి లాగుచున్నవి?' యనియు అడిగి సమాధానములను పోల్చవచ్చును. విభక్తి మారినంతనే తప్పుల సంఖ్య మారునా యనుటను ఇట్లు తూచి చెప్పవచ్చును. దీనికి పరికరములు అక్కరలేదు. రెండు తరగతులు, ఒక బంతి, ఓపిక చాలును.

పరిభాషానిర్మాణము శాస్త్రజ్ఞుల పనియనియు, తెలుగుశాఖ పని కావ్యములతో ముగియుననియు తలంచుట కద్దు. బంతి విషయమున తప్పు సమాధానము వ్రాసిన బాలుడు భౌతికశాస్త్రమునకు తాను తగననుకొని దానిని విడిచిపోవుచున్నాడు. అతడు తడబడినది షష్ఠీవిభక్తియొద్ద. అచట అతనికి చేయి అందింపవలసినవారిలో మనమును ఉన్నాము.